టార్చి వెలుగులో ఉదయగిరి: విజయనగరంలో చేయించిన రెండు ఓడ నమూనాలు

విజయనగరం గంటస్తంభానికి నాలుగు అడుగుల దూరంలో, జ్ఞాపికలూ కొయ్య నమూనాలూ తయారుచేసే ఒక చిన్న పనిశాలలో, మా పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాల కోసం ఈమధ్య రెండు ఓడలు చేయించాను. మొదటిది 2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ ఉదయగిరి. రెండవది మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఒక సరుకు ఓడ. మొదటిదానికి 9,500 రూపాయలు, రెండవదానికి 3,200 రూపాయలు తీసుకున్నారు. చెప్పిన గడువు కన్నా పదకొండు రోజులు ఆలస్యమైంది గాని, ఫోను చేసిన ప్రతిసారీ పని ఎక్కడిదాకా వచ్చిందో దాపరికం లేకుండా చెప్పారు కనుక దానిని పెద్ద లోపంగా లెక్కించను.

ఉదయగిరి అసలు పొడవు 149 మీటర్లు. 300వ వంతుకు కుదించినందువల్ల నమూనా దాదాపు 50 సెంటీమీటర్లు వచ్చింది. పేరు మన రాష్ట్రపు కొండలది, ఓడ కట్టినది ముంబయిలోని మజ్‌గావ్ డాక్‌లో. 2010 నుంచి నౌకాదళంలో చేరిన శివాలిక్ తరగతి ఓడలకు ఇది తరువాతి తరం స్టెల్త్ ఫ్రిగేట్, అంటే రాడార్‌కు అంత తేలికగా చిక్కని యుద్ధనౌక. కొయ్య పనిలో వంక పెట్టడానికి లేదు. నీటి అంచు నుంచి పైకి వచ్చేకొద్దీ ఓడ పక్కలు బయటికి వాలడం, డెక్కు మీది కట్టడం అక్కడినుంచి లోపలికి వాలడం, ఆ రెండూ కలిసే చోట అంచు ముక్కు నుంచి వెనుకదాకా ఒకే గీతగా సాగడం చక్కగా కుదిరాయి. చేత్తో తడిమితే అతుకు తెలియదు.

చిక్కంతా ఆ తరువాత చేర్చిన వాటితో వచ్చింది. స్టెల్త్ ఓడ అందం దానిమీద ఉన్నవాటిలో కాక లేనివాటిలో ఉంటుంది. అసలు ఓడలో పడవలను పక్కగోడ లోపలికి నెట్టి తలుపులు మూస్తారు, మాస్టును ఇనుప చట్రంలా వదలక పలకలతో కప్పుతారు, బయట వేలాడే సామగ్రిని వీలైనంత తగ్గిస్తారు. మా నమూనాకు మాత్రం రెండు పక్కలా వేలాడే పడవలు, డెక్కు చుట్టూ అగ్గిపుల్లంత లావు రెయిలింగు, పొగగొట్టం పక్కన నిట్టనిలువు గోడలతో ఒక గది, దానికి మెట్లు అదనంగా వచ్చి చేరాయి. ఎందుకని పనిశాలాయనను అడిగితే, "ఖాళీగా ఉంటే బోసిగా కనిపిస్తుంది మాస్టారూ, డబ్బు పెట్టినవారికి తృప్తి ఉండొద్దా?" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పదవీ విరమణ సన్మానాలకు నమూనాలు కొనేవారు సామగ్రిని చూసే మురిసిపోతారు.

ఆ రాత్రి ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, నమూనాను బల్లమీద పెట్టి, టార్చిని కంటి పక్కనే ఆనించుకుని ఓడ పక్కకు ఎదురుగా వెలిగించాను. మామూలు రాడార్ చేసేదీ అదే కదా: తరంగాలను పంపిన చోటే ఉండి, తిరిగివచ్చే దానికోసం కాచుకుంటుంది. నిగనిగలాడే వార్నిషు బూడిద రంగుకు నప్పలేదని అంతకుముందే విసుక్కున్నాను గాని, ఈ పరీక్షకు ఆ నిగనిగే పనికివచ్చింది. వాలుగా ఉన్న పక్కలు దాదాపు చీకటిగానే ఉండిపోయాయి, ఎందుకంటే గోడ పది డిగ్రీలు వాలితే ప్రతిఫలించిన కిరణం ఇరవై డిగ్రీలు తప్పుకుని కప్పు మీదికో నేల మీదికో పోతుంది. ఆ అదనపు గది, డెక్కు కలిసిన మూల మాత్రం టార్చిని కాస్త ఎత్తినా దించినా భగ్గుమంటూనే ఉంది. లంబకోణంలో కలిసే తలాలు వచ్చిన కిరణాన్ని వచ్చిన దారినే పంపుతాయి; సైకిలు మడ్‌గార్డు మీది ఎర్ర రిఫ్లెక్టరు రాత్రిపూట మెరిసేది ఈ సూత్రంతోనే. అలాంటి మూల ఒక్కటి మిగిలినా తక్కిన శ్రమ చాలావరకు వృథా అవుతుంది, ఎందుకంటే రాడార్ కంటపడే దూరం సగానికి తగ్గాలంటే ఓడ నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వని పదహారో వంతుకు పడిపోవాలి.

రెండవ ఓడకు మాత్రం నిస్సంకోచంగా పూర్తి మార్కులు వేస్తాను. 1917లో బ్రిటిష్ చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్ ప్రతిపాదించిన 'డాజిల్' పద్ధతిలో నలుపు, తెలుపు, నీలం పట్టీలతో రంగులు వేయమని కోరాను. ఆ పద్ధతి ఓడను దాచదు, దాచే ప్రయత్నమే చేయదు. టార్పెడో చేరేసరికి ఓడ ఎక్కడ ఉంటుందో ముందుగా లెక్కకట్టి గురిపెట్టాల్సిన జలాంతర్గామి అధికారికి, పెరిస్కోపులో ఓడ ఏ దిక్కుకు, ఎంత వేగంతో పోతోందో తేలకుండా చేయడమే దాని పని. 1942లో డచ్ నౌక అబ్రహాం క్రైన్‌సెన్ చెట్టుకొమ్మలు కప్పుకుని, పగలు తీరాన దీవిలా నిలబడి, రాత్రులు ప్రయాణించి జపాన్ వారి కన్నుగప్పి ఆస్ట్రేలియా చేరిన ఉపాయం దీనికి పూర్తిగా ఎదురుదారి.

ఈ రంగులు వేసినాయన లారీల వెనుక పలకలు రాసిన చేయి. కొలబద్ద ఆనించకుండా లాగిన పట్టీలు ఓడ మధ్యలో విరిగి, ముక్కు దగ్గర వంపు తిరిగాయి. నేను ఇచ్చిన బొమ్మలో ఉన్నట్టే కుడి ఎడమ పక్కలకు వేర్వేరు అమరికలు వేశారు. ముక్కు కింద తెల్లరంగుతో లేని నురుగును చిత్రించారు, ఆగి ఉన్న ఓడ కూడా పరుగెడుతున్నట్టు అనిపించేలా. గది చివరి బెంచీ నుంచి ఒక కన్ను మూసి చూసిన పిల్లల్లో సగం మంది ఓడ ముక్కు ఏ పక్కన ఉందో తప్పు చెప్పారు.

కాబట్టి రంగుల పనికి ఈ పనిశాలకు నిశ్చింతగా వెళ్ళవచ్చు. స్టెల్త్ ఓడ కావలసినవారు మాత్రం ఏమేమి పెట్టకూడదో కూడా కాగితం మీద రాసి ఇవ్వాలి. నేను అట్టముక్కతో వాలు కొలత కత్తిరించి, నమూనాను తిరిగి తీసుకువెళ్ళాను. అదనంగా డబ్బు అడగకుండానే గది గోడలను వాలుగా మార్చి, మెరుపు తగ్గించి, రెయిలింగు తీసేసి వారం లోపలే అప్పగించారు. పీకిన మెట్లనూ పడవలనూ పారేయడానికి చేతులు రాలేదని, వాటిని ఒక చిన్న కవరులో వేసి ఓడతోపాటే నా చేతిలో పెట్టారు.