పాస్కా కొవ్వొత్తికి పర్లాకిమిడి వెళ్లండి

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోని తెలుగు కతోలికులకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. పాస్కా (ఈస్టర్) పండుగకు గుడిలో వెలిగించే పెద్ద కొవ్వొత్తి కోసం ఇక విశాఖపట్నం దాకా పోనక్కరలేదు. పర్లాకిమిడి బజారు వెనుక సందులో భార్యాభర్తలు ఇద్దరే నడిపే ఒక చిన్న దుకాణం ఉంది. బోర్డు లేదు. అరుగు మీద ఆరవేసిన నూలు వత్తులే గుర్తు. ఈ ఏడాది ఏప్రిల్ 5న పండుగ. ముందు రోజు రాత్రి పాస్కా జాగరణలో మా గుడిలో వెలిగింది వాళ్లు పోసిన కొవ్వొత్తే.

మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, పీఠం సామగ్రి చూసేది నేను. అంతకుముందు ఏడాది ఒక పెద్ద ఊరి దుకాణం నుంచి తెప్పించినది ప్లాస్టిక్ గొట్టం, లోపల నూనె సీసా. పాస్కా కాలం యాభై రోజులూ వెలిగించినా అది అంగుళం తరగలేదు. చాలామందికి అదే సుఖంగా తోచింది, నాకు మాత్రం ప్రాణం ఒప్పలేదు. జాగరణ రాత్రి పాడే పాస్కా ప్రకటన గీతంలో తేనెటీగల శ్రమను స్తుతిస్తూ పాడతాం కదా, ఎదురుగా ఉన్నదేమో ప్లాస్టిక్! ఈ కొవ్వొత్తి మైనంతోనే చేయాలని, కృత్రిమమైనది కూడదని, ఏటా కొత్తది కావాలని వాటికన్ 1988లోనే లేఖ ద్వారా స్పష్టం చేసింది.

ఇక్కడ కొన్నది మూడు అడుగుల ఎత్తు, మూడు అంగుళాల మందం. ధర 2,600 రూపాయలు. “అంతా తేనెమైనమేనా?” అని అడిగాను. “కాదు బాబూ, సగమే. మిగతాది పారాఫిన్. అంతా తేనెమైనం పోస్తే మీరు కొనలేరు, అంతా పారాఫిన్ పోస్తే మన ఎండలకు నిలబడదు” అని పెద్దాయన దాచకుండా చెప్పాడు. మే నెల ఎండల్లోనూ కొవ్వొత్తి నిటారుగానే ఉంది. వత్తి జడలా గట్టిగా అల్లినది కనుక మంట ఒక పక్కకు ఒరగలేదు, నడుమ గుంట పడలేదు.

అసలు చెప్పవలసింది కొవ్వొత్తికి గుచ్చే ఐదు మేకుల గురించి. పాత గొట్టం మీద అవి కాగితం బొమ్మలు. ఈ దంపతులు ఎర్ర మైనంతో మేకులు పోసి, ఒక్కోదాని లోపల సాంబ్రాణి పలుకు పెట్టి ఇస్తారు. కొవ్వొత్తి మీది శిలువ గుర్తు మధ్యలో ఒకటి, నాలుగు కొసల్లో నాలుగు రంధ్రాలు ముందే తొలిచి ఉంటాయి. జాగరణ మొదట్లో వెలిగించే కొత్త అగ్ని దగ్గర మా ఫాదరుగారు ప్రభువు మహిమగల గాయాలను తలుస్తూ ఒక్కొక్కటీ గుచ్చుతుంటే మైనంలోకి దిగుతున్నట్టు కంటికి తెలిసింది. ఉత్థానుడైన క్రీస్తు శిష్యులకు చూపినది గాయాలున్న చేతులు, గాయమున్న ప్రక్క. తోమాను అక్కడే వేలు పెట్టి చూడమన్నాడు. సమాధి ఖాళీ అయింది కానీ మేకుల గుర్తులు పోలేదు. మా అమ్మ శవపేటిక దగ్గరా పాస్కా కొవ్వొత్తే వెలిగించారు. జీవితమంతా వరి నాట్లు వేసి పగిలిన చేతులు ఆమెవి. కడపటి దినాన దేవుడు లేపేది ఆ చేతులనే అని నేను నమ్ముతాను. పగుళ్లు లేని వేరే చేతులు చూపిస్తే అమ్మను నేను ఎలా గుర్తుపట్టాలి?

లోపాలూ ఉన్నాయి. కొవ్వొత్తి మీద ఉండే గ్రీకు మొదటి, చివరి అక్షరాల్లో ఆల్ఫా చక్కగా వచ్చింది, ఓమేగా వంకరపోయింది. జనం పట్టుకునే చిన్న కొవ్వొత్తుల కాగితపు గిన్నెలు మరీ పలుచన, పిల్లల వేళ్ల మీద వేడి మైనం కారింది. అట్టముక్కలు మీరే కత్తిరించుకోండి. బస్సులో పార్సిలు వేయరు, మనిషి వెళ్లి తెచ్చుకోవలసిందే. వెళ్లేటప్పుడు పాత దుప్పటి ఒకటి పట్టుకెళ్లండి, వాళ్లు చుట్టి ఇచ్చే వార్తాపత్రిక ఘాటు రోడ్డు కుదుపులకు చాలదు.

కొవ్వొత్తి మీద ఏడాది అంకెలు 2, 0, 2, 7 చెక్కడానికి, మైనం ఆరడానికి వాళ్లకు వ్యవధి కావాలి. వచ్చే ఏడాది పాస్కా మార్చి 28నే వస్తోంది, తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 10న. క్రిస్మస్ సందడి తగ్గగానే బయానా ఇచ్చేయండి.