రాక్‌ఆటోలో పాత మస్టాంగ్ పార్టులు: ఏవి కొనచ్చు, కొనేముందు ఏం చూసుకోవాలి

పాత అమెరికన్ కారు కొన్న మనవాళ్లెవరైనా నన్ను మొదట అడిగేది పార్టులు ఎక్కడ దొరుకుతాయనే. మేం డాలస్ దగ్గర ఉంటాం, నాది 1965 ఫోర్డ్ మస్టాంగ్, 200 క్యూబిక్ ఇంచుల సిక్స్ సిలిండర్ బండి. బ్రేకులు, స్టీరింగ్, ఇగ్నిషన్, కూలింగ్ సామాన్లు చాలావరకు రాక్‌ఆటో అనే ఆన్‌లైన్ పార్టుల షాపులోనే కొన్నాను, ఎవరడిగినా అదే పేరు చెప్తాను. కాకపోతే ధర చూసి గబగబా కార్ట్‌లో వేసేయకుండా, ముందు మీ బండిలో ఇప్పుడు నిజంగా ఏం బిగించి ఉందో తెలుసుకోండి. అరవై ఏళ్ల బండి ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ ఇంజిన్ దించి ఏది ఎక్కించారో ఏ కేటలాగ్‌కీ తెలియదు.

రాక్‌ఆటో 1999లో మొదలైన కంపెనీ, విస్కాన్సిన్‌లోని మాడిసన్ వాళ్లది. వెళ్లి నిలబడి అడగడానికి కౌంటర్ ఉండదు, అంతా వెబ్‌సైట్‌లోనే. కారు కంపెనీ, సంవత్సరం, మోడల్, ఇంజిన్ అలా కొమ్మ కొమ్మ తెరుచుకుంటూ పార్టు దాకా వెళ్తాం. చూడ్డానికి పాతకాలం సైట్‌లా ఉంటుంది గానీ నాకు ఇదే నచ్చుతుంది, ఏదీ దాచదు. అన్నిటికన్నా పనికొచ్చేది పార్టు నంబర్ మీద నొక్కితే వచ్చే జాబితా. ఆ పార్టు ఇంకా ఏయే బండ్లకి సరిపోతుందో మొత్తం కనిపిస్తుంది. నా ఇంజిన్ మొదట ఫోర్డ్ ఫాల్కన్ కోసం వచ్చిన కుటుంబానిది, కాబట్టి ఫాల్కన్, మెర్క్యురీ కామెట్ పేర్లు కూడా అందులో ఉంటాయి. మస్టాంగ్ అని పేరు పెట్టి అమ్మే చోట్ల ఎక్కువ ధర చెప్పే సామాను ఫాల్కన్ కింద వెతికితే తక్కువకి దొరకడం నేను చాలాసార్లు చూశాను.

షిప్పింగ్ సంగతి ముందే తెలుసుకోండి. పార్టులు వేరువేరు గోదాముల నుంచి వస్తాయి, ఒక్కో గోదాముకి విడిగా షిప్పింగ్ పడుతుంది. కార్ట్‌లో ఒక వస్తువు వేశాక, అదే గోదాములో ఉన్న మిగతావాటి పక్కన చిన్న లారీ బొమ్మ కనిపిస్తుంది. అది చూసుకుంటూ ఎంచుకుంటే చాలా మిగులుతుంది, చూసుకోకపోతే చవగ్గా వచ్చిన పార్టు మీద లాభమంతా షిప్పింగ్‌కే పోతుంది.

ఇక అసలు పని, మీ బండిని గుర్తుపట్టడం. 1965 మస్టాంగ్ విన్ నంబర్‌లో (బండి గుర్తింపు నంబర్) మొదటి 5 అంటే సంవత్సరం, తర్వాతి అక్షరం ఫ్యాక్టరీ (ఎఫ్ అయితే డియర్‌బోర్న్, ఆర్ అయితే శాన్ హోసే, టీ అయితే మెటచెన్), తర్వాత రెండంకెలు బాడీ, 07 హార్డ్‌టాప్, 08 కన్వర్టిబుల్, 09 ఫాస్ట్‌బ్యాక్. ఐదో అక్షరం ఇంజిన్‌ది: టీ అంటే 200 సిక్స్, సీ అంటే టూ బ్యారెల్ కార్బురేటర్ ఉన్న 289 వీ8, ఏ అంటే అదే 289, ఫోర్ బ్యారెల్‌తో. ఇదంతా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు లెక్క. ఇప్పటి లెక్క కోసం వంగి చూడాల్సిందే. సిక్స్ అయితే చక్రానికి నాలుగు నట్లు, వీ8 అయితే ఐదు. ఇంజిన్ పక్కన ఫ్రీజ్ ప్లగ్గులు (బ్లాక్‌లోని రంధ్రాల్ని మూసే గుండ్రటి రేకు మూతలు) మూడే ఉంటే అది చిన్నదైన 170 సిక్స్ కావచ్చు, 1965 నుంచి వచ్చిన ఏడు మెయిన్ బేరింగుల 200కి ఐదుంటాయి.

ఇంజిన్ పోత (కాస్టింగ్) మీద ఉండే నంబర్ కూడా చదవండి. సీ5డీఈ అని మొదలైతే, సీ అంటే 1960లు, 5 అంటే 1965, డీ అంటే ఫాల్కన్, ఈ అంటే ఇంజిన్ విభాగం. కానీ అది డిజైన్ నంబర్, కొనేటప్పుడు వాడే సర్వీస్ నంబర్ వేరు. ఆ పోత నంబర్‌ని తీసుకెళ్లి సెర్చ్‌లో కొడితే ఏమీ రాకపోతే పార్టు లేదని అనుకోవద్దు.

టై రాడ్ల (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీలు) విషయంలో ఇక్కడి ఒక షాపు కుర్రాడు "64 నుంచి 66 వరకు అన్నిటికీ ఒకటే సార్" అని వీ8వి చేతిలో పెట్టాడు. ఒకటి కాదు. సిక్స్‌కి వేరు, వీ8కి వేరు, పవర్ స్టీరింగ్ ఉంటే మళ్లీ వేరు. రాక్‌ఆటోలో ఈ తేడా పార్టు పేరు కిందే రాసి ఉంటుంది, ఆ చిన్న అక్షరాలు చదవండి. మాస్టర్ సిలిండర్ (బ్రేక్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) కూడా అంతే. 1966 దాకా సింగిల్ సర్క్యూటే, అంటే నాలుగు చక్రాలకీ ఒకే ఆయిల్ దారి, రెండు సర్క్యూట్లది 1967 నుంచి వచ్చింది. భద్రత కోసం చాలామంది డ్యూయల్‌కి మార్పించుకున్నారు, మంచి పని కూడా, అలాంటి బండికి 1965 అని వెతికితే లాభం లేదు.

డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచేది) దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అప్పటి సిక్స్‌లలో లోడ్-ఓ-మాటిక్ అనే రకం ఉండేది, అందులో తిరిగే బరువులు ఉండవు, అడ్వాన్స్ (స్పార్క్‌ని ఎంత ముందుగా వేయాలన్న లెక్క) మొత్తం వాక్యూమ్ మీదే నడుస్తుంది. ఆ వాక్యూమ్‌ని సరిచేసే స్పార్క్ కంట్రోల్ వాల్వ్ ఆటోలైట్ 1100 కార్బురేటర్‌లో ఉంటుంది. ఈ రెండూ జంట. ఆ వాల్వ్ లేని కార్బురేటర్ బిగిస్తే ఈ డిస్ట్రిబ్యూటర్‌కి అడ్వాన్స్ సరిగ్గా అందదు, బండి బరువుగా లాగుతుంది, మనం కార్బురేటర్ జెట్లు మార్చుకుంటూ టెన్షన్ పడుతుంటాం. కాబట్టి ఒకటి కొనేముందు రెండోది ఏదో చూడండి.

రీమాన్యుఫ్యాక్చర్డ్ (పాతదాన్ని బాగుచేసి అమ్మే) పార్టు తీసుకుంటే కోర్ డబ్బు అదనంగా కట్టించుకుంటారు, పాతది పంపితే తిరిగిస్తారు. మీ పాతది బండితోపాటు వచ్చిన అసలుదైతే, దాని మీది తయారీ తేదీ కోడ్ కూడా బండితో కలిస్తే, దయచేసి పంపకండి. ఆ కోర్ డబ్బుతో మళ్లీ అలాంటిది కొనలేరు.

బాడీ ప్యానెళ్లు, క్రోమ్, సీటు కవర్లు, డాష్ సామానుకి మాత్రం రాక్‌ఆటో సరైన చోటు కాదు. వాటికి ఫ్లోరిడాలోని ఒకాలా వాళ్లు నేషనల్ పార్ట్స్ డిపో ఉన్నారు. వాళ్ల ప్రింటెడ్ కేటలాగ్ తెప్పించుకుని పక్కన పెట్టుకోండి, ఏ క్లిప్పు ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి కూడా పనికొస్తుంది.