ఇంజన్‌ను చివర్లో చూడండి: విశాఖలో నా 1999 స్ప్లెండర్‌తో ఐదేళ్లు

2020 డిసెంబరులో గోపాలపట్నంలో 11,500 రూపాయలకు ఒక హీరో హోండా స్ప్లెండర్ కొన్నాను. 1999 మోడల్, ఏపీ31 బండి. ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టు కాలేదు. ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. రోడ్డెక్కేసరికి ఐదు నెలలు పట్టింది. అప్పటి నుంచి దాని మీద 23 వేల కిలోమీటర్లు తిరిగాను. చవగ్గా ఒక పాత బండి కొని బాగు చేసుకుందాం అనుకునేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు, కొనొచ్చా అని. కొనొచ్చు. కానీ మన ఊళ్లో కొనేటప్పుడు చూడాల్సిన వరస వేరు. ముందు ఛాసిస్ (బండి చట్రం), తర్వాత కాగితాలు, అన్నిటికన్నా చివర ఇంజన్. నేను మొదట్లో సరిగ్గా తలకిందులుగా చూశాను.

ఆఫీసుకు వెళ్లడానికి నాకు స్కూటర్ ఉంది. ఇంజన్ విప్పి మళ్లీ బిగించడం నా చేత్తో నేను నేర్చుకోవాలి, అందుకే ఈ బండి. ఫ్రెండ్స్ అందరూ యమహా ఆర్‌ఎక్స్ 100 కొనమన్నారు. అది మంచి బండే, నాకూ ఇష్టమే. కానీ దాని తయారీ 1996లోనే ఆగిపోయింది. ఇప్పుడు దాని మీద మోజున్నవాళ్లు ఎక్కువ, బండ్లు తక్కువ. చవక బండి అనే మాట దానికి ఇక వర్తించదు. స్ప్లెండర్ అలా కాదు. 1994లో వచ్చిన ఆ బండి 97.2 సీసీ ఇంజన్ మూల డిజైన్ ఇప్పటికీ కొనసాగుతోంది. 2010 చివర్లో హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించాయి, 2020లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చి కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అయినా పాత బండికి పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు కావాలంటే పెందుర్తి నుంచి గాజువాక దాకా ఏ స్పేర్ పార్ట్స్ షాపులో అడిగినా దొరుకుతాయి. మొదటి ప్రాజెక్టుకు ఇంతకన్నా పెద్ద వరం లేదు.

గోపాలపట్నం బండి కన్నా ముందు బీచ్ రోడ్డుకు దగ్గర్లో ఇంకో స్ప్లెండర్ చూశాను. తొమ్మిది వేలు చెప్పారు. కొత్తగా నల్ల రంగు కొట్టించి మెరిపించారు. ఒక్క కిక్కుకే స్టార్టయింది, పొగ లేదు, శబ్దం నున్నగా ఉంది. నేను అడ్వాన్సు ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టేశాను. నాతో వచ్చిన మేస్త్రి మాత్రం ఇంజన్ వంక చూడనే లేదు. సీటు తీయించి, బ్యాటరీ పెట్టె కింద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టాడు. టంగుమనాల్సింది టప్ టప్ మంది. మొన పెట్టి కొంచెం నొక్కాడు. కొత్త రంగు పెచ్చులా లేచి, కింద ఇనుము బిస్కెట్ పొడిలా రాలింది.

"ఇంజనుకేటి బాబూ, ఏ పార్టయినా దొరుకుద్ది. ఛాసిస్ ఎక్కడ కొంటావు?" అన్నాడు.

ఆ ఒక్క మాట నాకు కనీసం ఇరవై వేలు మిగిల్చింది. సముద్రం గాలి ఉప్పు మోసుకొస్తుంది, తేమ ఆ ఉప్పును ఇనుము మీద తడిగానే ఉంచుతుంది. సముద్రం పక్కన లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో ఆరుబయట పదేళ్లు నిలబెట్టిన బండికీ, అదే వయసులో సముద్రానికి దూరంగా కొత్తవలసలోనో ఎస్.కోటలోనో తిరిగిన బండికీ పోలికే లేదు. పైకి రెండూ ఒకేలా కనిపించొచ్చు. చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: బ్యాటరీ పెట్టె కింద, వెనక మడ్‌గార్డ్ లోపలి వైపు, సీటు కింద గొట్టాల అతుకులు, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ తిరిగే చోటు, ఇంజన్ కింద బురద పేరుకునే గొట్టాలు, సైడ్ స్టాండ్ అతుకు. పైపైన తుప్పు ఉంటే ఫర్వాలేదు, గీకితే పోతుంది. అతుకు దగ్గర ఉబ్బినట్టుంటే, గొట్టం పలచబడితే మాత్రం ఆ బండి ఉచితంగా ఇచ్చినా వద్దు. కొత్తగా రంగు వేసిన పాత బండి కన్నా, దుమ్ము పట్టి తుప్పు బయటికే కనిపిస్తున్న బండే నయం. దాచడానికి అందులో ఏమీ ఉండదు.

గోపాలపట్నం బండి రిటైరైన ఒక పెద్దాయనది. మెట్ల కింద గోనెపట్టా కప్పి ఉంచారు. హుద్‌హుద్ తుపానుకు, అంటే 2014 అక్టోబరు 12న, ఎగిరొచ్చిన రేకు తగిలి ట్యాంకుకు ఎడమ పక్క సొట్ట పడిందట. టైర్లు పగిలిపోయాయి, రిమ్ములు తుప్పు పట్టాయి, సైలెన్సర్‌కి చిల్లు. కానీ మేస్త్రి ఎక్కడ కొట్టి చూసినా ఛాసిస్ ఖంగున మోగింది. "మాస్టారూ, ఒరిజినల్ ఆర్‌సీ ఉందాండి?" అని అడిగితే లోపల్నుంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఆర్‌సీ, పాత ఇన్సూరెన్సులు, కొన్నప్పటి బిల్లుతో సహా తెచ్చి చేతిలో పెట్టారు. అప్పుడు నేను బేరం కూడా పెద్దగా ఆడలేదు.

ఇక్కడ కాగితాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది ప్రాజెక్టులు ఆగిపోయేది ఇక్కడే. మోటార్‌సైకిల్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఓనర్ బతికుంటే ఫారం 29, 30 మీద సంతకాలతో పేరు మారుతుంది. ఓనర్ చనిపోయి కొడుకో అల్లుడో అమ్ముతుంటే ముందు ఫారం 31తో వారసుల పేరు మీదికి మారాలి, ఆ తర్వాతే మీ పేరు. ఎప్పుడో ఫైనాన్సులో కొన్న బండి అయితే ఆర్‌సీలో ఆ ఫైనాన్సు సంస్థ పేరు అలాగే ఉండిపోతుంది. ఫారం 35 తెచ్చి తీయించాలి, ఆ సంస్థ ఇప్పుడు లేకపోతే తల ప్రాణం తోకకొస్తుంది. జిరాక్స్ కాగితం చూపించి ఒరిజినల్ ఊళ్లో ఉందనేవాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేయడమే మంచిది.

డబ్బు విషయానికొస్తే, 15 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 300 కాస్తా 1,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 2,000 చేశారు. ఆలస్యమైతే నెలకు 300 చొప్పున అదనం, గ్రీన్ ట్యాక్స్ వేరు. అంటే ఐదారేళ్లు రెన్యువల్ లేకుండా మూల పడున్న బండి కొంటే, ఆ పెనాల్టీయే బండి ధరతో పోటీ పడుతుంది. బేరానికి ముందే ఆర్‌సీ మీద తేదీ చూసి లెక్క వేసుకోండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రం భారం కాదు. 75 నుంచి 150 సీసీ వరకు ఏడాదికి 714 రూపాయలు, దానిపై జీఎస్టీ, పర్సనల్ యాక్సిడెంట్ కవర్.

తుప్పు, కాగితాలు రెండూ కలిసే చోటు ఒకటుంది. అది ఛాసిస్ నంబరు. స్ప్లెండర్‌కి హ్యాండిల్ కింద, కుడి పక్కన కొట్టి ఉంటుంది. రెన్యువల్ అప్పుడు దాన్ని చూస్తారు, పెన్సిల్ ప్రింట్ తీస్తారు. కొన్న రోజు సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో అక్కడ నెమ్మదిగా రుద్దాను. నల్లటి జిడ్డు పోయింది, ఎర్రటి పొర పోయింది, అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. తెల్ల కాగితం అదిమి పెట్టి పెన్సిల్ పడుకోబెట్టి గీశాను. చివరి నుంచి రెండో అంకె దగ్గర నా గుండె ఆగినంత పనైంది. 8 లాగా ఉంది, 3 లాగానూ ఉంది. తుప్పు ఒక పక్క తినేసింది. టార్చి పక్కనుంచి వేసి చూస్తే ఎడమ వంపు సన్నగా కనిపించింది. 8. ఆర్‌సీతో సరిపోయింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. ఇంకో రెండు వానాకాలాలు గడిచుంటే ఆ అంకె పోయేది, దానితోపాటు బండి కూడా. పౌడర్ కోటింగ్‌కి ఇచ్చేటప్పుడు (పొడి రంగు చల్లి వేడిలో కాల్చి అతికిస్తారు) ఆ నంబరు మీద వేడికి తట్టుకునే టేపు వేయించడం మరిచిపోవద్దు. కోటింగ్ మందంగా పడితే అంకెలు పూడిపోతాయి.

ఇక పని. సిలిండర్ లేత్‌లో బోర్ చేయించాం. కొత్త పిస్టన్ కిట్, వాల్వులు రుద్దడం, టైమింగ్ చైన్ కిట్, క్లచ్ ప్లేట్లు, గ్యాస్కెట్లు, కూలీతో కలిపి 7,400 అయింది. నాలుగు ఆదివారాలు మేస్త్రి పక్కన కూర్చుని ప్రతి బోల్టూ నేనే విప్పాను, నేనే బిగించాను. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజులు అవే. 2021 మేలో కరోనా సెకండ్ వేవ్‌కి షాపులు మూతపడి, కేవలం ముందు ఫోర్కులో ఆయిల్ కారకుండా ఆపే ఒక సీల్ కోసం బండి కొన్ని వారాలు ఆగింది.

మొత్తం ఖర్చు, బండి ధరతో కలిపి, 46,000. ఇంజన్‌కి ఏడున్నర వేలు కూడా కాలేదు కదా, తుప్పు వల్ల చేయించినవాటికి (ఛాసిస్ కోటింగ్, రిమ్ములు, స్పోకులు, టైర్లు, ట్యాంకు, రంగు, సైలెన్సర్, సీటు) దాదాపు 17 వేలు అయింది. అందుకే అంటున్నాను, బండి ధర ఎంతో దానికి మూడింతలు పక్కన పెట్టుకోగలిగితేనే దిగండి. అదే 46 వేలకు ఎనిమిది పదేళ్ల వయసున్న, చక్కగా నడిచే బండి దొరుకుతుంది. కేవలం తిరగడానికే కావాలంటే అదే కొనుక్కోండి.

ట్యాంకు మాత్రం నేను సొంతంగా చేశాను. అందులోంచి వంచిన పెట్రోలు టీ డికాషన్ రంగులో వచ్చింది, అడుగున ఎర్ర మట్టి. గుప్పెడు చిన్న నట్లు, కిరసనాయిలు పోసి ఊపి కడిగాను. తర్వాత వేడి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి ఒక రాత్రంతా ఉంచాను. పొద్దున్నకి లోపల బూడిద రంగు ఇనుము కనిపించింది. వెంటనే వంటసోడా నీళ్లతో కడిగి, హెయిర్ డ్రయర్ పెట్టి ఆరబెట్టి, లోపలంతా నూనె తడిపాను. ఈ చివరి పని అరగంట ఆలస్యం చేసినా మళ్లీ ఎర్రబడుతుంది. ట్యాంకు సొట్టను పుట్టీ పెట్టి పూడుస్తానని పెయింటర్ అన్నాడు, వద్దన్నాను. అది ఈ బండి హుద్‌హుద్ చూసిందని చెప్పే గుర్తు.

ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. నా బండికి పెట్రోలు పైపు, కార్బురేటర్‌లో నీడిల్ వాల్వు, ఓ-రింగు (రబ్బరు వలయం) మార్చాక పెట్రోలు పొంగడం ఆగింది. వారం పైన నడపకపోతే పెట్రోల్ కాక్ కట్టేసి, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి పెడతాను. వానాకాలంలో ట్యాంకు సగం ఖాళీగా ఉంచను.

నడక గురించి. లీటరుకు 58 నుంచి 60 వస్తోంది. కంచరపాలెం ట్రాఫిక్‌లో ఇంత తేలిగ్గా తిరిగే బండి నేను ఇంకోటి నడపలేదు. నేనూ మా ఆవిడా అనంతగిరి ఘాట్ మీదుగా అరకు రెండుసార్లు వెళ్లొచ్చాం. మలుపుల్లో సెకండ్ గేరే, తొందరపడకూడదు, కానీ ఎక్కడా ఆగలేదు. బ్రేకులు డ్రమ్ బ్రేకులు, ఎన్ఏడీ ఫ్లైఓవర్ దిగేటప్పుడు ముందు బండికి దూరం ఎక్కువ ఉంచాలి. హెడ్‌లైటు నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి వెలుగుతుంది కాబట్టి ఇంజన్ నెమ్మదిస్తే వెలుతురూ తగ్గుతుంది. రాత్రిపూట భీమిలి వైపు దీన్ని తీసుకెళ్లడం మానేశాను.

14 వేల కిలోమీటర్ల దగ్గర టైమింగ్ చైన్ శబ్దం మళ్లీ మొదలైంది, మార్చాం. కొత్త సైలెన్సర్ క్రోమ్ రెండు వానాకాలాలకే చుక్కలు తేలింది. పౌడర్ కోటింగ్ చేసినా సీటు కింద ఒక అతుకు దగ్గర తుప్పు తిరిగొచ్చింది. ఏటా వర్షాలకు ముందు ఒక ఆదివారం సీటు తీసి, గీకి, ప్రైమర్ వేస్తాను. బీచ్ రోడ్డులో తిరిగొచ్చిన రోజు మంచినీళ్లతో కడుగుతాను. ప్లాస్టిక్ కవరు కప్పను, లోపల తేమ ఉండిపోతుంది, పాత దుప్పటే మేలు. ఇంతా చేసే ఓపిక లేకపోతే ఈ ఊళ్లో పాత బండి మీద పెట్టిన డబ్బు ఉప్పుగాలికి పెట్టినట్టే.

ఉన్న ఒక్క బండీ ఇదే అయితే ఆ టెన్షన్ భరించడం కష్టం, ఉద్యోగానికి ఇంకో వాహనం ఉండాలి. పని నేర్పే ఓపికున్న మేస్త్రి దొరకాలి. నాకు ఆ రెండూ ఉన్నాయి కాబట్టి ఇది నేను కొన్నవాటిలో మంచి వస్తువు. మళ్లీ కొంటానా అంటే కొంటాను, ఇదే మోడల్ కొంటాను.

2026లో దీనికి రెన్యువల్ ఉంది, ఆ డబ్బు ఇప్పటికే పక్కన పెట్టాను. ఈలోగా మా బావమరిది కూడా ఒక పాత బండి కావాలంటున్నాడు. కొత్తవలసలో ఒకటి ఉందని తెలిసింది. రాత్రే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్టు చెయ్యొద్దని ఓనర్‌కి చెప్పాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కొట్టిన కిక్కే నిజం చెబుతుంది, సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూశాకే కిక్ కొట్టాలి. కానీ అది చివర్లో. ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాం. సంచిలో స్క్రూడ్రైవర్, కిరసనాయిలు గుడ్డ, టార్చి, పెన్సిల్, రెండు తెల్ల కాగితాలు పెట్టుకున్నాను.