నిలవేంబు కషాయం పొడి: ఫ్లూకి పనికొస్తుందా?

చెన్నైలో రాసప్ప చెట్టి వీధి నాటుమందుల కొట్లలో దొరికే నిలవేంబు కుడినీర్ (తమిళంలో నేలవేము కషాయం) పొడి ఇది. మన నేలవేముకి శొంఠి, మిరియాలు, వట్టివేరు, తుంగముస్తలు వగైరా కలిపి మొత్తం 9 సరుకులు. పొడి బరకగా ఉన్నదే కొనండి. మెత్తనిది వడకట్టే గుడ్డలోంచి దిగిపోయి గొంతులో గరగరలాడుతుంది. 5 గ్రాములు 200 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, సన్నసెగ మీద 50 మిల్లీలీటర్లు మిగిలేదాకా మరగనిచ్చి, వడకట్టి 3 గంటల్లోపు తాగాలి. పొద్దున కాచింది రాత్రికి పనికిరాదు. చేదంటారా, అడక్కండి.

ఇక ఫ్లూ సంగతి. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థం ఫ్లూ తెచ్చే ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ని అడ్డుకున్నది ప్రయోగశాల కణాల్లో, ఎలుకల్లో. మనుషుల మీద పరీక్షలు ఎక్కువగా మామూలు జలుబు, దగ్గులకే. అక్కడ కాస్త ఉపశమనం కనిపించింది. ఫ్లూకి డాక్టర్లు రాసే ఒసెల్టామివిర్‌కి మాత్రం ఇది బదులు కాదు, ఆ మాత్ర మొదటి 48 గంటల్లో పడితే ఎక్కువ మేలు. గర్భిణులు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు దీని జోలికి పోవద్దు.