సైకిల్ పార్సిల్‌కి ఇన్సూరెన్స్ కట్టాలా? గుంటూరు నుంచి పుణెకి పంపిన నా అనుభవం

మా బావమరిది సైకిల్ ఏడాదిగా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుని ఉంది. వాడు పుణెలో ఉద్యోగంలో చేరి, అక్కడ ఆదివారాలు సైకిళ్ళు తొక్కే బ్యాచ్ ఒకటి దొరికేసరికి, "బావా, నా సైకిల్ పంపించేయవా" అని రోజూ ఫోను. నాలుగేళ్ళ కిందట 52,000 పెట్టి కొన్నాడు. కొండవీడు ఘాట్ ఎక్కడానికి తప్ప దాన్ని బయటికి తీసిందే లేదు కాబట్టి ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంటుంది, అదే నాకు టెన్షన్. పాతది, గీతలు పడ్డది అయితే లారీలో పడేసి చేతులు దులుపుకునేవాణ్ణి.

పట్నం బజార్ వైపు ఉన్న ఒక పార్సిల్ ఆఫీసులో ఇచ్చాను. పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పేది దాదాపు అన్ని పార్సిల్ ఆఫీసుల్లోనూ జరిగేదే, ఒక్కళ్ళనే అని లాభం లేదు. మిర్చి సీజన్ కావడంతో వాకిట్లోనే టిక్కీలు (మిర్చి బస్తాలు) పేర్చి ఉన్నాయి, లోపలికి అడుగు పెట్టగానే నాకు రెండు తుమ్ములు. కౌంటర్‌లో కుర్రాడు కార్బన్ పేపర్ పెట్టుకుని రాస్తున్నాడు, బొటనవేలికంతా నీలం. అట్టపెట్టెని ఒకసారి చూసి టేపు తీసి పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచాడు. ఇంట్లో తూకం వేసుకుంటే పెట్టెతో కలిపి 18 కిలోలే. కానీ 140 సెంటీమీటర్ల పొడవు, 80 ఎత్తు, 22 వెడల్పు ఉన్న పెట్టె కదా, మూడూ గుణించి 5000తో భాగిస్తే 49 పైన వచ్చింది, 50 కిలోల లెక్క కట్టారు. ఇందులో మోసమేం లేదు, లారీలో చోటు పడుతుంది కాబట్టి అలాగే లెక్కేస్తారు, ముందు తెలియకపోతే మాత్రం గొడవ పెట్టుకుంటాం. బాడుగ 1,200, హమాలీ 100.

తర్వాత "విలువ ఎంత రాయమంటారు సార్?" అని అడిగాడు. నేను ఆలోచించేలోపే వాడే "ఐదు వేలు రాసేద్దాం, మీకు చార్జీ తగ్గుద్ది" అన్నాడు. మంచి కోసమే చెప్తున్నట్టు చెప్పాడు, నిజంగా వాడి ఉద్దేశం మంచిదే అయి ఉండొచ్చు కూడా. కానీ చాలామంది మునిగేది సరిగ్గా ఇక్కడే. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, దానికింద 2011లో వచ్చిన రూల్స్ ప్రకారం, మనం ఎక్కువ విలువ ప్రకటించి దానికి తగ్గ ఎక్కువ చార్జీ కట్టకపోతే, సరుకు పోయినా పాడైనా ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ బాధ్యత బాడుగకి పది రెట్ల వరకే. అది కూడా రసీదులో మనం రాయించిన విలువ దాటకూడదు. అంటే నా లెక్కలో పది రెట్లంటే 12,000, కానీ ఐదు వేలని రాయిస్తే ఆ ఐదు వేలే. 52,000 బిల్లు చూపించి ఎంత అరిచినా అంతే. వంద రూపాయలు మిగులుతాయని మన చేత్తో మనమే కాళ్ళు కట్టేసుకోవడం.

రైల్లో పంపుదామా అని కూడా అనుకున్నాను. అక్కడ ఇంకా ఘోరం, విలువ ప్రకటించి అదనపు చార్జీ కట్టకుండా వేస్తే పార్సిల్‌కి కిలోకి 50 రూపాయల లెక్క. 18 కిలోల సైకిల్ పోతే 900 చేతిలో పెడతారు, దాంతో రెండు టైర్లు కూడా రావు. విలువ ప్రకటించే పద్ధతి అక్కడా ఉంది. అయితే దారిలో ఎక్కడో దించి ఇంకో బండి ఎక్కిస్తారేమో అన్న భయంతో ఆ ఆలోచన మానుకున్నాను.

సరే, ఎంత రాయించాలి? బిల్లు ప్రకారం 52,000 రాయిద్దామంటే లాభం లేదు, ఇన్సూరెన్స్ అనేది నష్టాన్ని పూడ్చడానికే కాబట్టి నాలుగేళ్ళ సైకిల్‌కి ఇవాళ్టి ధరే చూస్తారు. ఎక్కువ రాయిస్తే ఎక్కువ ప్రీమియం కట్టడమే మిగులుతుంది. ఇలాంటివి సెకండ్ హ్యాండ్‌లో ఎంతకి పోతున్నాయో చూసుకుని 30,000 రాయించాను. (50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసుకునే పత్రం, కావాలని భయపెడతారు, వాడిన సొంత సామానుకి దాని నుంచి మినహాయింపు ఉంది, ఆ భయంతో విలువ తగ్గించొద్దు.)

ఇప్పుడు అసలు కథ. కౌంటర్‌లో నాకు రెండు చార్జీలు చెప్పారు. ఒకటి ఎఫ్ఓవీ (ఫ్రైట్ ఆన్ వాల్యూ) అని 100 రూపాయలు, అది అందరికీ తప్పదట. రెండోది ఇన్సూరెన్స్, రాసిన విలువలో 2 శాతం, అంటే 600. "ఎఫ్ఓవీ కట్టారుగా సార్, అదీ ఇన్సూరెన్సే" అన్నాడు కుర్రాడు. కాదు. అది ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు విలువని బట్టి తమ కోసం వేసుకునే చార్జీ, దాని వెనక ఏ బీమా కంపెనీ పాలసీ ఉండదు. రసీదు కింద చిన్న అక్షరాల్లో చూస్తే, ఎఫ్ఓవీ గడిలో 100 పడి ఉంది, దాని పక్కనే "ఓనర్స్ రిస్క్" (సరుకు పోతే నష్టం యజమానిదే) అని ముద్ర కూడా పడి ఉంది! రెండూ ఒకే కాగితం మీద.

"600 కడతాను, కానీ ఏ కంపెనీ పాలసీనో సర్టిఫికెట్ ఇవ్వండి" అన్నాను. కుర్రాడు తల గోక్కున్నాడు. ఇన్నాళ్ళలో ఇలా అడిగినవాళ్ళు లేరేమో, లోపలికెళ్ళి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన "ఎందుకండీ అంత అనుమానం, ముప్పయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నాం" అన్నారు. అనుమానం కాదండీ, మా అత్తారింటి వ్యవహారం అని చెప్తే నవ్వి, ఎవరికో ఫోన్ చేశారు. అరగంట కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు (ఆ టీ బాగుంది, ఇందుకు అర మార్కు). మర్నాటికి వాట్సాప్‌లో సర్టిఫికెట్ వచ్చింది. బీమా కంపెనీ పేరు, నా పేరు, రసీదు నంబరు, 30,000 అన్నీ సరిగానే ఉన్నాయి. రసీదు మీది ఆ ఓనర్స్ రిస్క్ ముద్ర మాత్రం కొట్టేయించడానికి మళ్ళీ ఒక ట్రిప్ పడింది.

ఆ సర్టిఫికెట్ చదివాకే నాకు ఈ ఇన్సూరెన్స్ దేనికి పనికొస్తుందో అర్థమైంది. దేశం లోపలి రవాణాకి ఇచ్చే పాలసీల్లో ఏ, బీ, సీ అని మూడు క్లాజులు ఉంటాయి. సీ అంటే నిప్పు, పిడుగు మాత్రమే. బీ అంటే వాటితోపాటు బండి గుద్దుకోవడం, బోల్తా పడడం, వంతెన కూలడం లాంటివి. ఏ అంటే మినహాయింపులు పోను మిగతా అన్నీ. నాకు వచ్చింది బీ, దానికి అదనంగా దొంగతనం, సరుకు చేరకపోవడం కలిపి ఉన్నాయి. గీతలు, సొట్టలు లేవు. ప్యాకింగ్ సరిగ్గా లేక పాడైతే లేదు, ఈ మాట ఏ క్లాజులో అయినా ఉంటుంది. కాబట్టి లారీ బోల్తా పడితేనో పెట్టె మాయమైతేనో 600 పనికొస్తుంది, పెయింటు లేస్తే పనికిరాదు. పెయింటుకి ఇన్సూరెన్స్ మన ప్యాకింగే.

ప్యాకింగ్ అరండల్‌పేటలో ఒక సైకిల్ షాపులో ఖాళీ పెట్టె అడిగి తెచ్చుకుని నేనే చేశాను. పెట్టె ఊరికే ఇచ్చారు, కొత్త సైకిళ్ళు వచ్చినవి వాళ్ళకి చెత్తే. ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుంది, ఆ సంగతి తెలియక పది నిమిషాలు బిగిస్తూనే కూర్చున్నాను, మోచేతికి స్పానర్ దెబ్బ కూడా తగిలింది. వెనక గేర్‌ని హ్యాంగర్ నుంచి విప్పి బబుల్ ర్యాప్ చుట్టి చట్రం లోపలికి కట్టేశాను. ఆ హ్యాంగర్ మెత్తటి అల్యూమినియం ముక్క, గేర్‌నీ చట్రాన్నీ కాపాడడానికి అదే ముందు వంగేలా చేస్తారు, పెట్టె పక్కకి పడితే మొదట పోయేది అదే. ముందు చక్రం తీసేశాక ఫోర్కు కాళ్ళ మధ్య ప్లాస్టిక్ ముక్క, డిస్క్ బ్రేకు ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టాలి, లేదంటే దారిలో ఎవరైనా బ్రేకు నొక్కితే ప్యాడ్లు దగ్గరికి అతుక్కుపోతాయి. షాపతను డిస్కు కూడా విప్పేయమన్నాడు. స్క్రూలు ఆరున్నాయి, నాకు బద్ధకం వేసింది, వదిలేశాను. చట్రం కింద పెడల్ ఇరుసు దగ్గర చెక్కి ఉండే నంబరుతో సహా ఫోటోలు తీశాను. పెట్టె మూసే ముందు లోపలిది, మూశాక నాలుగు పక్కలా, ఆఫీసులో కౌంటర్ మీద ఉండగా ఒకటి.

నాలుగు రోజులన్నారు, ఏడు రోజులు పట్టింది. ఐదో రోజు నుంచి ట్రాకింగ్‌లో "సోలాపూర్" తప్ప ఇంకో ముక్క లేదు, ఫోన్ చేస్తే "వస్తది సార్". ఆ రెండు రోజులు మాత్రం 600 కట్టినందుకు హాయిగా నిద్రపోయాను, నిజం చెప్తున్నా. మా ఆవిడ మాత్రం పోలేదు.

పెట్టె ఒక మూల నలిగి చేరింది. డెలివరీ కుర్రాడు సంతకం పెడితేగానీ ఇవ్వనన్నాడట. మావాడికి ముందే చెప్పి ఉంచాను కాబట్టి, సంతకం పక్కన "పెట్టె మూల నలిగింది, లోపల చూడలేదు" అని ఇంగ్లీషులో రాసి ఫోటో తీసుకున్నాడు. ఈ ఒక్క వాక్యం రాయకపోతే తర్వాత క్లెయిమ్ అడిగే మొహం ఉండదు. రాతపూర్వకంగా నోటీసు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళకి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. బీమా వాళ్ళ గడువు వేరే, చాలా తక్కువ, అది సర్టిఫికెట్ మీదే చూసుకోవాలి.

విప్పి చూస్తే చట్రం బాగుంది, గేర్ బాగుంది, ముందు డిస్కు వంగింది. అవును, ఆ బద్ధకం డిస్కే. క్లెయిమ్ వెయ్యలేదు, వేసినా ప్యాకింగ్ అంటారు, అననీ, నిజమే కదా. డిస్కు ఖర్చు 700 మావాడికి నేనే గూగుల్ పేలో పంపాను.

నా మార్కులు ఐదుకి మూడు. బాడుగ సబబే, పెద్దాయన మాట మంచిది, కౌంటర్‌లో మాత్రం ఎఫ్ఓవీనే ఇన్సూరెన్స్ అని అమ్మడం నాకు నచ్చలేదు. మా పక్క ఫ్లాట్ ఆయన ఎనిమిది వేల సైకిల్ హైదరాబాద్ పంపాలి, ఇన్సూరెన్స్ కట్టనా అని అడిగితే వద్దన్నాను, బాడుగ ఎనిమిది వందలకి తగ్గకపోతే పది రెట్ల లెక్కలోనే దాని విలువ వచ్చేస్తుంది, నిజమైన విలువ రాయించి రసీదు జాగ్రత్త పెట్టుకుంటే చాలు. పదిహేను, ఇరవై వేలు దాటినదైతే కట్టమంటాను, సర్టిఫికెట్ చేతికిస్తేనే.

వెళ్తే పొద్దున పదకొండులోపు వెళ్ళండి. సాయంత్రమైతే మిర్చి లోడింగ్ మొదలవుతుంది, మీ పెట్టెని అక్కడే గోడకి ఆనించి దాని ముందు టిక్కీలు పేర్చేస్తారు. మాది అలాగే వెళ్ళినట్టుంది, పుణెలో పెట్టె విప్పగానే మా బావమరిది వీడియో కాల్‌లోనే తుమ్మడం మొదలుపెట్టాడు.