లాగిన్ మాడ్యూల్ కొనేవారికి హెచ్చరిక: పాస్‌వర్డ్ పాలసీ డాక్యుమెంటేషన్‌ను చూసి మాత్రమే డబ్బు చెల్లించకండి

సభ్యుల లాగిన్ కోసం సిద్ధంగా దొరికే మాడ్యూల్‌ను, అంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన సాఫ్ట్‌వేర్ భాగాన్ని, కొనాలనుకుంటున్న పొదుపు సంఘాలు, పాఠశాలలు, డయాగ్నస్టిక్ కేంద్రాలు, అపార్ట్‌మెంట్ సంఘాల వారికి ఈ హెచ్చరిక. మా సహకార పొదుపు సంఘం అలాంటి మాడ్యూల్ ఒకటి కొన్నది. పాస్‌వర్డ్‌లను ఎలా భద్రపరుస్తుందో వివరించే డాక్యుమెంటేషన్ చాలా పకడ్బందీగా కనిపించింది. డేటాబేస్ తెరిచి చూస్తే అందులో రాసిన ముఖ్యమైన హామీల్లో ఒక్కటి కూడా అమలు కావడం లేదు. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తీరు మరో విక్రేత దగ్గర కూడా ఉండవచ్చు కనుక, మీ చేతికి వచ్చినదాన్ని మీరే ఎలా పరీక్షించుకోవాలో వివరంగా చెప్పడమే మేలని భావిస్తున్నాను.

ముందుగా ఆ డాక్యుమెంటేషన్ ఏమి చెప్పిందో చూడండి. పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్లు దాచకుండా, వెనక్కి తిప్పలేని లెక్కతో హ్యాష్ అనే అక్షరాల వరుసగా మార్చి దాస్తారు. పైథాన్‌లో ఆ పని కోసం పాస్‌లిబ్ అనే ఉచిత లైబ్రరీ (సిద్ధంగా ఉన్న కోడ్) ఉంది. అందులోని క్రిప్ట్‌కాంటెక్స్ట్ అనే క్లాస్ (ఒక పనికి సంబంధించిన కోడ్ విభాగం), ఏ హ్యాష్ పద్ధతులను అంగీకరించాలి, కొత్త పాస్‌వర్డ్‌కు ఏది వాడాలి, ఏవి పాతబడినవిగా లెక్కించాలి, ఒక్కొక్కదానికి ఎన్ని రౌండ్లు ఉండాలి (లెక్కను ఎన్నిసార్లు తిప్పాలి) అనే నిర్ణయాలన్నిటినీ ఒకేచోట ఉంచుతుంది. మేము కొన్న మాడ్యూల్ ఆ క్లాస్‌కు పైపొరగా తన సొంత పాలసీ క్లాస్‌ను కట్టుకుంది. దాని డాక్యుమెంటేషన్ ప్రకారం కొత్త పాస్‌వర్డ్‌లన్నీ ఆర్గాన్2ఐడీ అనే ఆధునిక హ్యాష్ పద్ధతిలో దాచబడతాయి. పాత సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన, ఎండీ5 అనే బలహీనమైన పాత పద్ధతిలోని హ్యాష్‌లు సభ్యుడు మొదటిసారి లాగిన్ అయినప్పుడే వాటంతటవే కొత్త పద్ధతికి మారతాయి. పాలసీ ఫైలులో విలువలు మార్చి హ్యాష్‌ను ఛేదించడాన్ని మరింత కష్టం చేసుకోవచ్చు. పాస్‌వర్డ్ ఎంత పొడవైనా, ఏ భాషలోనైనా ఉండవచ్చు. ఈ హామీలను చూసే మా కమిటీ కొనుగోలుకు ఆమోదం తెలిపింది.

మాడ్యూల్ అమల్లోకి వచ్చి, సభ్యుల్లో చాలామంది పలుమార్లు లాగిన్ అయిన తరువాత, పాస్‌వర్డ్ కాలమ్‌ను తెరిచి చూశాము. పాత సభ్యులందరి ఎదుటా 32 అక్షరాల ఎండీ5 విలువలే ఉన్నాయి, ఒక్కటీ మారలేదు. కొత్తగా చేరినవారివి ఆర్గాన్2ఐడీలో లేవు. అవి బీక్రిప్ట్ అనే మరో పద్ధతిలోని 60 అక్షరాల హ్యాష్‌లు. పాలసీ ఫైలులో బీక్రిప్ట్ కాస్ట్‌ను (లెక్క ఎంత భారంగా ఉండాలో చెప్పే సంఖ్యను) 12 నుంచి 13కు పెంచి, సర్వీసును మళ్లీ ప్రారంభించి, పరీక్ష కోసం ఒక ఖాతా తెరిచాము. ఆ హ్యాష్‌లోనూ 12 అనే ఉంది. అంటే పాలసీ ఫైలును చదివే క్లాస్ ఒకటి ఉంది కానీ, లాగిన్ జరిగే చోట దానితో సంబంధం లేని మరో క్రిప్ట్‌కాంటెక్స్ట్ ఆబ్జెక్ట్ పనిచేస్తోంది. విక్రేత మాకు సోర్స్ కోడ్ ఇవ్వలేదు. అయినా ఇంత తెలుసుకోగలిగాము, ఎందుకంటే బీక్రిప్ట్, ఆర్గాన్2 వంటి పద్ధతుల్లో హ్యాష్ తన పద్ధతి పేరును, రౌండ్లను, సాల్ట్‌ను (ఒక్కొక్క పాస్‌వర్డ్‌కు వేర్వేరుగా కలిపే యాదృచ్ఛిక విలువను) తనలోనే రాసుకుని ఉంటుంది. బీక్రిప్ట్ హ్యాష్ మొదట్లో డాలర్ గుర్తుల మధ్య 2బి లేదా 2ఏ, ఆ తరువాత కాస్ట్ సంఖ్య కనిపిస్తాయి. ఆర్గాన్2ఐడీ అయితే పద్ధతి పేరు, వెర్షన్, వాడే మెమరీ, ఎన్నిసార్లు తిప్పాలనే సంఖ్య వరుసగా ఉంటాయి. డాక్యుమెంటేషన్ ఏమి చెప్పినా, నిజం ఆ కాలమ్‌లోనే ఉంటుంది.

పాత హ్యాష్‌లు ఎందుకు మారలేదన్నది కొనుగోలుదారులందరూ తెలుసుకోవలసిన విషయం, ఎందుకంటే ఈ పొరపాటు పైకి ఏ మాత్రం కనిపించదు. ఒక పద్ధతిని పాతబడినదిగా పాలసీలో గుర్తించినంత మాత్రాన పాస్‌లిబ్ డేటాబేస్‌ను ముట్టుకోదు. వెరిఫై అనే మెథడ్ (క్లాస్‌లోని ఒక ఆదేశం) పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. వెరిఫై అండ్ అప్‌డేట్ అనే మరో మెథడ్‌ను పిలిస్తే, పాస్‌వర్డ్ సరిపోయి, హ్యాష్ పాతబడినదై ఉంటే, కొత్త హ్యాష్‌ను తయారుచేసి చేతికిస్తుంది. దాన్ని డేటాబేస్‌లో రాసే బాధ్యత అప్లికేషన్‌దే. మా మాడ్యూల్ మొదటి మెథడ్‌తోనే సరిపెట్టుకుందని విక్రేత సాంకేతిక సిబ్బంది తరువాత ఒప్పుకున్నారు. లాగిన్ చక్కగా అవుతుంది, ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, ఎండీ5 మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఎండీ5లో ఉంటే నష్టమేమిటని మా కమిటీలో కొందరు అడిగారు. సాల్ట్ లేని ఎండీ5లో ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న ఇద్దరు సభ్యుల హ్యాష్‌లు అచ్చంగా ఒక్కటే అవుతాయి. సాధారణ పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు ముందే లెక్కకట్టిన పట్టికల్లో దొరుకుతాయి. పైగా నేటి శక్తివంతమైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు వేల కోట్ల ఎండీ5 ప్రయత్నాలు చేయగలదు. కాస్ట్ 12 ఉన్న బీక్రిప్ట్ మీద అదే కార్డు సెకనుకు కొన్ని వేలకు మించి చేయలేదు. లింక్డ్‌ఇన్ నుంచి 2012లో బయటపడినవి సాల్ట్ లేని షా-1 హ్యాష్‌లు. వాటిలో చాలా భాగాన్ని ఛేదించడానికి ఎంతో కాలం పట్టలేదు. 2015లో ఆష్లీ మాడిసన్ అనే డేటింగ్ వెబ్‌సైట్ విషయంలో జరిగినది మన ఉదంతానికి మరింత దగ్గరగా ఉంటుంది. వారు పాస్‌వర్డ్‌లను కాస్ట్ 12 ఉన్న బీక్రిప్ట్‌తోనే దాచారు, కానీ లాగిన్ టోకెన్ (సభ్యుణ్ని గుర్తుపట్టడానికి వాడే సంకేతం) కోసం అదే పాస్‌వర్డ్‌ను కలిపి ఎండీ5 విలువలను వేరే కాలమ్‌లో ఉంచారు. ఛేదించినవారు బీక్రిప్ట్ జోలికి పోకుండా ఆ కాలమ్‌ను పట్టుకుని కోటికి పైగా పాస్‌వర్డ్‌లను రాబట్టారు. అందువల్ల పాస్‌వర్డ్ కాలమ్‌తో ఆగకుండా పక్కనున్న టోకెన్ కాలమ్‌లను కూడా చూడమని కోరుతున్నాను.

తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే లోపం మరొకటి ఉంది. పాస్‌వర్డ్ ఏ భాషలోనైనా ఎంత పొడవైనా ఉండవచ్చని డాక్యుమెంటేషన్ చెప్పింది కనుక, మా పెద్దవయసు సభ్యులు కొందరు గుర్తుండేలా తెలుగు వాక్యాలనే పాస్‌వర్డ్‌లుగా పెట్టుకున్నారు. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లను మాత్రమే తీసుకుంటుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం మూడు బైట్లు. గుణింతపు గుర్తుకు మూడు, పొల్లుకు కూడా మూడు. అంటే గరిష్ఠంగా 24 తెలుగు గుర్తులు దాటిన తరువాత మీరు ఏమి టైపు చేసినా లెక్కలోకి రాదు. «మా ఊరి చెరువు గట్టు మీద మర్రిచెట్టు» అని పాస్‌వర్డ్ పెట్టిన పరీక్ష ఖాతాలోకి «మా ఊరి చెరువు గట్టు మీద మర్రిమాను» అని టైపు చేసి వెళ్లగలిగాము, ఎందుకంటే 72 బైట్లు «మర్రి» మధ్యలోనే ముగిసిపోయాయి. పాస్‌లిబ్‌లో ట్రంకేట్ ఎర్రర్ అనే సెట్టింగ్ ఉంది; దాన్ని ఆన్ చేస్తే పాస్‌వర్డ్ పెట్టేటప్పుడే పొడవు మించిందని తిరస్కరిస్తుంది. డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది. పాలసీ క్లాస్‌ను డాక్యుమెంట్ చేసేవారు ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే మా సభ్యులకు ముందే చెప్పగలిగేవాళ్లం. ఈ ప్రయోగాన్ని మీరు కూడా కొనేముందు డెమోలోనే చేయండి. పొడవైన తెలుగు వాక్యంతో ఖాతా తెరిచి, చివరి పదాన్ని మార్చి లాగిన్ అవడానికి ప్రయత్నించడానికి ఏ సాంకేతిక పరిజ్ఞానమూ అక్కరలేదు.

డాక్యుమెంటేషన్ ఎంత పాతదో కూడా గమనించండి. మాకు ఇచ్చిన దానిలోని ఉదాహరణలు క్రిప్ట్‌పాలసీ అనే క్లాస్‌ను వాడుతున్నాయి. పాస్‌లిబ్ 1.6 వెర్షన్‌లో, అంటే 2012లోనే, ఆ క్లాస్‌ను కాలం చెల్లినదిగా ప్రకటించి, దాని పనులను క్రిప్ట్‌కాంటెక్స్ట్‌కే అప్పగించారు. హ్యాష్ తయారుచేయడానికి ఎన్‌క్రిప్ట్ అనే మెథడ్‌ను పిలవమని కూడా అందులో ఉంది, 1.7లో ఆ పేరును హ్యాష్‌గా మార్చారు. డబ్బు తీసుకుని అమ్మే డాక్యుమెంటేషన్‌లో ఇవి కనిపించాయంటే, దాన్ని ఎక్కడి నుంచో తెచ్చి అతికించారని, తమ కోడ్‌తో ఎవరూ సరిచూడలేదని అర్థం చేసుకోవచ్చు. పాస్‌లిబ్ చివరి విడుదల అయిన 1.7.4 కూడా 2020 నాటిది. ఆ తరువాత, పాస్‌లిబ్ వాడుకునే క్రిప్ట్ మాడ్యూల్‌ను పైథాన్ 3.13లో తొలగించారు. బీక్రిప్ట్ ప్యాకేజీ 5.0 వెర్షన్ 72 బైట్లు మించిన పాస్‌వర్డ్‌కు ఎర్రర్ ఇస్తుంది. పాస్‌లిబ్ తన స్వీయ పరీక్షలో పొడవైన పాస్‌వర్డ్‌నే వాడుతుంది కనుక పాస్‌లిబ్‌ను బీక్రిప్ట్ 5.0తో కలిపితే లాగిన్ ఆగిపోతుంది. మా విక్రేత దీన్ని పరిష్కరించకుండా పాత బీక్రిప్ట్ వెర్షన్‌ను బిగించి పెట్టారు. ఏ పైథాన్ వెర్షన్ మీద, ఏ ప్యాకేజీ వెర్షన్లతో పరీక్షించారో లిఖితపూర్వకంగా అడగండి.

మంచి డాక్యుమెంటేషన్ ఎలా ఉంటుందో చూడాలనుకునేవారికి వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఉచితంగానే అందుబాటులో ఉంది. ప్రతి కొత్త వెర్షన్ విడుదల పత్రంలో పీబీకేడీఎఫ్2 అనే హ్యాష్ పద్ధతి రౌండ్లను ఎంత నుంచి ఎంతకు పెంచారో సంఖ్యలతో చెబుతారు: 5.1లో 8,70,000, 5.2లో 10,00,000. జాబితాలో మొదటి పద్ధతితోనే కొత్త హ్యాష్‌లు తయారవుతాయని, మిగిలినవి సరిచూడడానికేనని, లాగిన్ సమయంలో పాత హ్యాష్ మారుతుందని స్పష్టంగా రాశారు, కోడ్ కూడా అలాగే ప్రవర్తిస్తుంది. మా విక్రేత పత్రంలో మాత్రం మిలిటరీ స్థాయి భద్రత అనే మాట పదే పదే ఉంది, కానీ ఆర్గాన్2ఐడీకి ఎంత మెమరీ వాడతారన్న సంఖ్య ఎక్కడా లేదు. సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఓడబ్ల్యూఏఎస్‌పీ సంస్థ మార్గదర్శకం కనీసం 19 ఎంఐబీ (మెబీబైట్ల) మెమరీ, రెండు ఆవృత్తులు ఉండాలని సూచిస్తుంది. సంఖ్య లేని హామీని సరిచూసే మార్గమే లేదు.

లోపాలను ఆధారాలతో సహా పంపితే విక్రేత మొదట అవన్నీ పరిశ్రమలో మామూలేనన్నారు. తరువాత ఇది కొత్త వెర్షన్‌లో సరిచేస్తామని, దానికి ఏఎంసీకి (వార్షిక నిర్వహణ ఒప్పందానికి) అదనంగా రుసుము కట్టాలని చెప్పారు. డాక్యుమెంటేషన్ కొనుగోలు ఒప్పందంలో భాగం కాదన్నది వారి వాదన. ఇది చాలా అన్యాయమైన వాదన. అయితే మా ఒప్పందంలో ఆ పత్రం ప్రస్తావన నిజంగానే లేదు. కనుక మీరు సంతకం చేసేముందు డాక్యుమెంటేషన్‌ను ఒప్పందానికి అనుబంధంగా చేర్చమని, పాలసీ క్లాస్ చెప్పినట్లు జరుగుతోందని నిరూపించే పరీక్షలను కూడా ఇవ్వమని పట్టుబట్టండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023, తగిన భద్రత చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానాను నిర్దేశించింది. మన తరఫున వేరొకరు డేటాను నిర్వహించినా బాధ్యత మనదే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా లీకైనట్లు తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని చూపించి ఈ బాధ్యతల నుంచి తప్పించుకోలేము.

ఇప్పటికే ఇలాంటి మాడ్యూల్‌ను కొని వాడుతున్నవారు సభ్యులు లాగిన్ అయ్యేదాకా వేచి ఉండనవసరం లేదు. ఉన్న ఎండీ5 విలువనే పాస్‌వర్డ్‌గా తీసుకుని దానిమీద ఆర్గాన్2ఐడీ హ్యాష్ తయారుచేసి భద్రపరచి, ఎండీ5 కాలమ్‌ను తుడిచివేయవచ్చు. సభ్యుడు లాగిన్ అయినప్పుడు ముందు ఎండీ5, దానిమీద ఆర్గాన్2ఐడీ లెక్కకట్టి సరిచూసి, అప్పుడే నేరుగా పాస్‌వర్డ్ మీద తయారైన హ్యాష్‌ను రాయాలి. మేము బయటి డెవలపర్ సహాయంతో ఇదే చేయించాము. ఈ మార్పుకు ముందు కాలమ్ పొడవు చూసుకోండి. 60 అక్షరాలకు సరిపడేలా కట్టిన కాలమ్‌లో ఆర్గాన్2ఐడీ హ్యాష్ పట్టదు, కొన్ని డేటాబేస్‌లు మిగతా భాగాన్ని చప్పుడు చేయకుండా కత్తిరించేస్తాయి. ఆ తరువాత పాత బ్యాకప్‌ల సంగతి చూడండి. పెన్‌డ్రైవ్‌లలో, ఆఫీసు కంప్యూటర్లలో, విక్రేత పరీక్షల కోసం తీసుకెళ్లిన కాపీలో ఎండీ5 విలువలు అలాగే ఉంటాయి కనుక, ఆ కాపీలను తొలగించినట్లు విక్రేత నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి, సభ్యులందరి చేత పాస్‌వర్డ్‌లు మార్పించండి, అదే పాస్‌వర్డ్‌ను బ్యాంకు ఖాతాకో ఈమెయిల్‌కో వాడుతుంటే అక్కడ కూడా మార్చుకోమని వారికి చెప్పండి.