పల్లెవెలుగులో సరిహద్దు ఊళ్ల టూర్ అంటూ అమ్ముతున్నాడు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఎవరి గురించి చెబుతున్నానో పేరు రాయకపోయినా మీలో చాలామందికి తెలిసిపోతుంది. పల్లెవెలుగు బస్సు కిటికీ, బయట వాన, వెనకాల వేణువు, "ఊళ్లను నిదానంగా చూద్దాం రండి" అనే మెత్తని గొంతు. ఆ రీల్స్ మనందరం ఒకరికొకరం పంపుకున్నవే. నాకు పంపింది మా పిన్ని. ఆ మహానుభావుడి దగ్గరే శ్రీకాకుళం – ఒడిశా సరిహద్దు టూర్ కొన్నాం. నిన్న రాత్రి ఇల్లు చేరాం. కోపం ఇంకా దిగలేదు, కాబట్టి చెప్పే వరస అటూ ఇటూ అయితే సర్దుకోండి.

ముందు అసలు విషయం. ఆంధ్రాలో ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం నడుస్తోంది. ఆ ఉచిత బస్సు ఎక్కించడానికి మా దగ్గర మనిషికి 900 రూపాయలు "స్థానిక రవాణా" కింద వసూలు చేశాడు. తీరా నిజంగా టికెట్ కొనాల్సిన చోటు వచ్చేసరికి మమ్మల్ని బస్టాండులో వదిలేసి పోయారు. ఇంతకన్నా తెలివైన వ్యాపారం నేనెక్కడా చూడలేదు.

ప్యాకేజీ మనిషికి 6,500. మొత్తం ముందే కట్టాలి, అదీ ఫోన్‌పేలో ఎవరిదో సొంత నంబరుకి. గైడ్ మొదటి నుంచి చివరి దాకా వెంట ఉంటాడు, తెలుగు, ఒడియా, అక్కడి గిరిజనుల సవర భాష మూడూ వచ్చు, చరిత్ర చదువుకున్నవాడు, రాత్రి బస సవర గూడెంలో ఒక ఇంట్లో, చివరి మజిలీ సరిహద్దు అవతల ఒడిశాలోని పర్లాకిమిడి. ఇదంతా రాతలో ఉంది, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను. అందులోనే ఒక సాయంత్రం కొఠియా గ్రామాలు కూడా ఉన్నాయి. కొఠియా ఎక్కడ, మా టూర్‌లోని ముఖలింగం ఎక్కడ! అది సాలూరు అవతల కొండల మీద ఉన్న 21 ఊళ్ల గుంపు. మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ కొట్టుకుంటున్నాయి, 1968లోనే కేసు సుప్రీంకోర్టుకెక్కింది, రెండు వైపులా ఓటరు కార్డులున్న జనం ఉన్నారక్కడ. అలాంటి చోటికి సాయంత్రం టీ తాగాక పల్లెవెలుగులో వెళ్లొస్తామని రాసినప్పుడే నాకు వెలగాల్సింది. మా ఇంట్లో మ్యాపు చూడటం వచ్చినవాళ్లు ముగ్గురున్నారు మరి.

ఇంత ఉత్సాహంగా డబ్బు కట్టడానికి కారణం మా అమ్మ. అమ్మ రిటైరైన తెలుగు పండితురాలు. గిడుగు రామమూర్తి పంతులుగారంటే ఆమెకి దేవుడి తర్వాత దేవుడు. ఈ రూటు చూస్తే ఆయన జీవితమంతా దారి పొడుగునా పరిచినట్టే ఉంటుంది. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట ముఖలింగం దగ్గరే. శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ఇక బడిపంతులుగా పనిచేసింది, సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టింది పర్లాకిమిడిలో. 1936లో ఒరిస్సా ఏర్పడి ఆ ఊరు అటు వెళ్లిపోతే, ఉండలేక రాజమండ్రి వచ్చేశారు. "ఆ ఊరి వీధిలో ఒక్కసారి నడిస్తే చాలే" అంది అమ్మ. పర్లాకిమిడి లేకపోతే ఈ టూర్ మేం కొనేవాళ్లమే కాదు. బుక్ చేసేటప్పుడు ఈ మాట వాళ్లకి ఫోన్లో విడమరిచి చెప్పాను. "అమ్మగారి కోసం స్పెషల్‌గా చూసుకుంటాం మేడం" అన్నారు. చూసుకున్నారు, బాగానే.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగాక గైడ్ కలిశాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. సవర మాట దేవుడెరుగు, చెవుల్లో ఇయర్‌బడ్స్ తీస్తే గదా ఏ భాష వచ్చో తెలిసేది. మొదటి బస్సులోనే కండక్టర్ ఆధార్ చూసి మా ముగ్గురికీ సున్నా టికెట్లు కొట్టి చేతికిచ్చాడు. నేను గైడ్ వైపు చూశాను. అతను కిటికీ వైపు చూశాడు. కండక్టర్ నవ్వుతూ "ఏటమ్మా, టూరోళ్లకి డబ్బులు కట్టీసినారా? ఈ బస్సుకి డబ్బులేటి?" అన్నాడు. బస్సంతా విన్నారు. అప్పటికి ఇంకా సర్దుకున్నాను. 900లో ఆటోలూ అవీ ఉంటాయిలే అనుకున్నాను. ఆటోలు కూడా మేమే మాట్లాడుకోవాల్సి వచ్చింది, శాలిహుండం వెళ్లడానికీ రావడానికీ.

ఊళ్లకి మాత్రం వంక పెట్టడానికి లేదు. శాలిహుండం కొండెక్కి స్తూపాల పక్కన నిలబడితే కింద వంశధార కనిపిస్తుంది, నది సముద్రంలో కలిసే కళింగపట్నం ఆ దాపులోనే. గైడ్ కిందే ఉండిపోయాడు, ఎండగా ఉందట. ముఖలింగంలోనూ అంతే. ఊళ్లోకి అడుగుపెట్టగానే సోమేశ్వరాలయం ఉంటుంది. ఆ ద్వారం చుట్టూ ఉన్న చెక్కడం చూడటానికే గంట కావాలి. "ఇది చిన్న గుడి, ఫొటో తీసుకుంటే చాలు, పెద్దది ముందుంది" అని తరిమాడు. పెద్ద గుడి మధుకేశ్వరుడిది. ఇప్పచెట్టు మొదట్లో స్వామి వెలిశాడని, మధుకం అంటే ఇప్పే కాబట్టి ఆ పేరని అర్చకులు చెప్పారు. మా గైడ్ గారు చెప్పింది ఒక్కటే ముక్క: "ఇది చోళులు కట్టారు." అమ్మ ఆగలేకపోయింది. "చోళులు కాదు నాయనా, గాంగులు. నువ్వు విన్నది చోడగంగదేవుడి పేరై ఉంటుంది. వాళ్లమ్మ చోళుల ఆడపడుచు, అందుకా పేరు. 1078లో పట్టానికొచ్చాడు. ఇదే వాళ్ల కళింగనగరం అంటారు, తర్వాత రాజధాని కటకానికి మార్చుకున్నాడు" అని నిదానంగా చెప్పింది. గ్రూపులో మిగతావాళ్లు అక్కణ్ణుంచి అమ్మ చుట్టూ చేరారు. గైడ్‌కి అది నచ్చినట్టు లేదు. పోనీ, ఊరికే వచ్చిన విశ్రాంతి అనుకోవచ్చు కదా!

సవర గూడెంలో ఇల్లు అన్నది టెక్కలిలో లాడ్జి అయింది. "గూడెంలో పెళ్లి ఉంది మేడం, ఇళ్లు ఖాళీ లేవు" అన్నాడు. ముందు గ్రూపుకి కూడా పెళ్లే చెప్పారని తర్వాత తెలిసింది. కొఠియా అయితే "వర్షాల వల్ల" రద్దు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఇవన్నీ పక్కన పెట్టేద్దాం. లాడ్జి అయితేనేం, పడుకున్నాం. నేనిది రాస్తున్నది పాతపట్నం గురించి.

టెక్కలి నుంచి పల్లెవెలుగులో పాతపట్నం వచ్చాం. మళ్లీ సున్నా టికెట్లే. నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్లాం. ఒడిశా వైపు నుంచి కూడా జనం బాగా వస్తారు ఆ తల్లి దగ్గరికి, వరసలో తెలుగూ ఒడియా కలిసి వినిపిస్తాయి. అమ్మ మంచి హుషారుగా ఉంది. పర్లాకిమిడి ఇక పక్కనే. మధ్యాహ్నం దాటాక బస్టాండుకొచ్చి బ్యాగులు కింద పెట్టి, ఏ బస్సు అని అడిగాను.

గైడ్ ఫోన్లోంచి తల ఎత్తకుండా అన్నాడు: "ఇక్కడితో అయిపోయింది మేడం. మాది ఆంధ్రా వరకే."

నాకు అర్థం కాలేదు. షెడ్యూల్ తెరిచి చూపించాను. చివరి పేజీలో పర్లాకిమిడి అని రాసి, పక్కన రాజుగారి కోట ఫొటో కూడా వేసి ఉంది. అతను దాన్ని చూడను కూడా చూడలేదు. "అటు వెళ్లే బస్సుకి ఫ్రీ ఉండదు మేడం, అంతర్రాష్ట్రం కదా. ఇంతమందికి టికెట్లు మేమెక్కణ్ణుంచి పెట్టుకుంటాం?"

ఒక్క క్షణం నోట మాట రాలేదు. అంటే తెలుసన్నమాట! మొదటి బస్సు నుంచీ తెలుసు. ఉచితం ఎక్కడి దాకా ఉందో లెక్క చూసుకునే టూర్‌ని అక్కడికి కత్తిరించారు. మా 900 మాత్రం వాళ్ల దగ్గర భద్రంగా ఉంది. గ్రూపులో ఒక మాస్టారు, పాపం, ఆయన మగాడు కాబట్టి బస్సు ఎక్కినప్పుడల్లా టికెట్ జేబులోంచే పెట్టుకున్నారు. "చివర్లో లెక్క చూసి ఇచ్చేస్తాం" అన్నారట ఆయనకి.

అప్పటికీ అమ్మ గొంతు పెంచలేదు. "గిడుగువారు పాఠం చెప్పిన ఊరు బాబూ. అది చూద్దామనే ఇంత దూరం వచ్చాను" అంది.

వాడు నవ్వాడు. "ఆయనేం ఇప్పుడక్కడ కూర్చుని లేరు కదా మామ్మగారూ. గూగుల్లో ఫొటోలుంటాయి, ఇంటికెళ్లి చూస్కోండి."

అదీ మాట. అంతకు ముందు దాకా "అమ్మా, అమ్మా" అన్న నోటితోనే. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన మనిషి, వాడి వయసు మనవడున్న మనిషి, బస్టాండు మధ్యలో చేతిసంచీ పట్టుకుని అలా నిలబడిపోయింది. పిన్ని వాణ్ణి కడిగేసింది, ఆ భాష ఇక్కడ రాయను. వాడు ఇయర్‌బడ్స్ పెట్టుకుని, ఎవరిదో బండి వెనకెక్కి వెళ్లిపోయాడు. నిజంగానే వెళ్లిపోయాడు.

మెత్తని గొంతాయనకి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తారు. వెనకాల వేణువు లేదు. "ట్రావెల్ అంటే అనుకోనివి జరుగుతుంటాయి మేడం, నెగెటివ్‌గా తీసుకోకండి" అన్నారు. డబ్బు సంగతి అడిగితే, రిఫండ్ లేదట, వచ్చే ట్రిప్‌లో పది శాతం తగ్గిస్తారట. అమ్మతో అన్న మాటకి క్షమాపణ అడిగితే "కుర్రాడు సరదాగా అనుంటాడు" అన్నారు. అయిదు నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఆ పని మాత్రం భలే చురుగ్గా చేశారు. నేనేమో వీళ్ల రీల్‌ని పదిమందికి పంపి "ఎంత బాగా చేస్తున్నారో" అని రాసిన మనిషిని. ఆ పదిమందికీ ఇప్పుడు ఇది పంపుతున్నాను.

పర్లాకిమిడి వెళ్లామా అంటే, వెళ్లాం. ఆటో మాట్లాడుకుని మా అంతట మేమే వెళ్లాం, గ్రూపులో సగం మంది మాతోనే వచ్చారు. దానికి గైడూ అక్కర్లేదు, 6,500లూ అక్కర్లేదు. దుకాణం దగ్గర అడిగితే చక్కని తెలుగులో దారి చెప్పారు. అమ్మ కోట చూసింది, వీధుల్లో నడిచింది, ఏమీ మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే నాకు బాగుండేది. తిరుగు ప్రయాణం కూడా మేమే చూసుకున్నాం. గుణుపురం నుంచి విశాఖ వెళ్లే ప్యాసింజర్ ఆ ఊరి మీదుగానే పోతుంది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలుమార్గమే ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిందని రైల్లో పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పారు. డబ్బు తీసుకున్నవాడి కంటే తీసుకోనివాళ్లే ఎక్కువ చెప్పారు ఈ టూర్‌లో.

ఇక జాగ్రత్తల సంగతి. ఆ ఊళ్లు చూడాలనుంటే శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎంక్వైరీ దగ్గర అడగండి, ఏ బస్సు ఎప్పుడో చెబుతారు. ఆడవాళ్లు ఆధార్ దగ్గరుంచుకోండి. పథకం పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లకి ఉంది, రాష్ట్రం దాటే సర్వీసులకి లేదు. చివరి బస్సు ఎన్నింటికో దిగిన చోటే కనుక్కోండి. ఎవరి దగ్గరైనా టూర్ కొంటే మొత్తం ముందే కట్టకండి, సొంత నంబరుకి అసలే కట్టకండి. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఇవాళ పొద్దున ఫిర్యాదు చేశాను.

ఇంత తొందరగా రాయడానికి ఇంకో కారణం ఉంది. శివరాత్రికి "ముఖలింగం చక్రతీర్థ స్నానం స్పెషల్ బ్యాచ్" అని నిన్ననే మళ్లీ రీల్ పెట్టాడు. వంశధార ఒడ్డున ఆ రోజు జనం ఎలా ఉంటారో తెలిసినవాళ్లకి తెలుసు. ఆ తొక్కిడిలో వీళ్లు పెద్దవాళ్లని వదిలేసి పోతే ఏంటి పరిస్థితి? అందులోనూ ఆడవాళ్లకి "స్థానిక రవాణా" ఉంది, ఈసారి 1,200. ఇప్పటికే కట్టినవాళ్లుంటే ఆ 1,200 ఏ బస్సుకో రాతపూర్వకంగా అడగండి. నేనడిగితే బ్లాక్ చేశారు.